వెలుగు పట్టే చెయ్యి

భోజనశాల గోడ మీది ఫొటోలన్నీ మనీలాకి దక్షిణాన మా అనిలావ్ సముద్రంలో తీసినవే. ఒక్కొక్క దాని కింద చిన్న అట్టముక్క ఉంటుంది. తీసినవారి పేరు, వారి దేశం, కెమెరా పేరు, కెమెరాకి నీళ్ళు తగలకుండా తొడిగే హౌసింగు పేరు, లెన్సు పేరు, ఆఖర్న స్ట్రోబు పేరు. స్ట్రోబంటే నీళ్ళ అడుగున మెరుపు కొట్టే దీపం. అది లేకపోతే అడుగున ఎంత అందమైన ప్రాణి అయినా బూడిద పూసినట్టు పడుతుంది.

డైవింగు గైడు సెల్సో మరామోత్ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చి ఆ గోడ ముందు నిలబడ్డాడు. ఎదురుగా ఉన్న ఫొటోలో వేలిగోరంత గుర్రపుచేప. పగడపు కొమ్మ మీద కొమ్మ రంగులోనే, కొమ్మకున్న బొడిపెల్లాంటి బొడిపెలతోనే కూర్చుని ఉంది. దాన్ని చూపించింది సెల్సోనే. స్టీలు పుల్ల కొన దాని పక్కనే ఆనించినా ఫొటో తీసిన జర్మనీ ఆవిడకి కనబడక, చివరికి ఆవిడ తలని రెండు చేతుల్తో పట్టుకుని తిప్పాల్సి వచ్చింది. అట్టముక్క మీద ఆవిడ పేరుంది. ఆవిడ స్ట్రోబు పేరు కూడా ఉంది. రెండు వాడింది కాబట్టి రెండుసార్లుంది. చూపించినవాడి పేరు లేదు.

వంటింటి కిటికీలోంచి అతని పెళ్ళాం మిందా చూసింది. ఈ రిసార్టులో వంట ఆవిడదే, నోరు కూడా ఆవిడదే.

"ఎన్నిసార్లు చదివినా అక్కడ నీ పేరు మొలవదు. కాఫీ తాగు, చల్లారిపోతోంది" అంది.

సెల్సో నొచ్చుకోలేదు. ఈసారి మొలిచే దారి ఒకటి కనబడింది. ఏటా ఇక్కడ జరిగే ఫొటోల పోటీలో ఈ ఏడు గైడ్లకి విడిగా బహుమతి పెట్టారు. ఈ వారంలో తీసిన ఫొటో అయి ఉండాలి, ఆదివారం మధ్యాహ్నం లోపు ఇవ్వాలి. గెలిచింది ఈ గోడకెక్కుతుంది. వాళ్ళిచ్చే కప్పూ చప్పట్లూ అతనికి అక్కర్లేదు. తన పేరు ఆ అట్టముక్క మీద ఉండాలి. పెళ్ళికి ముందు నుంచీ నీళ్ళలో దిగి లోకంలో ఉన్న జాతులన్నిటికీ చేపలు చూపించినవాడు ఒక్క అట్టముక్క కోరుకోవడం అత్యాశేం కాదని నా ఉద్దేశం.

కోరుకోవడం వరకూ బాగానే ఉంది. ఫొటో తియ్యడానికి సామానుండాలి.

మా తీరంలో ఒక ఆనవాయితీ ఉంది. వచ్చినవాళ్ళు కొత్త సామాను కొనుక్కోగానే పాతది గైడు చేతిలో పెట్టి పోతారు. మంచి మనసుతోనే ఇస్తారు. కాకపోతే ఒకరు హౌసింగిస్తారు, ఇంకొకరు స్ట్రోబిస్తారు, మరొకరు దేనికీ పట్టని తీగ ఇస్తారు. దీని మూతి దానికి దూరదు, దాని మర దీనికి ఎక్కదు. అందుకని ప్రతి గైడు ఇంట్లోనూ మేరీమాత బొమ్మ కింద అలమరలో ఇలాంటి అనాథ సామాను పోగుపడి ఉంటుంది. పారెయ్యడానికి మనసొప్పదు, వాడదామంటే పనికిరాదు. సెల్సో అలమరలో కెమెరాతో సహా నికార్సయిన హౌసింగుంది, తైవాన్ ఆవిడ ఇచ్చింది. స్ట్రోబులు రెండున్నాయి గానీ ఒకటి ఉప్పు తిని చచ్చింది, రెండోది ఎప్పుడు వెలుగుతుందో దానికే తెలీదు. పక్కింట్లో అతని బావమరిది ఆర్సెన్ దగ్గర బ్రహ్మాండమైన స్ట్రోబుంది. దాన్ని తగిలించడానికి హౌసింగు లేదు.

పక్కిల్లంటే మధ్యలో ఒక్కటే గోడ. అయినా ఈస్టర్ పండుగ నుంచి ఆ రెండిళ్ళ మగాళ్ళకీ మాటల్లేవు.

అప్పట్లో సెల్సో ఇసకలో బొచ్చు కప్పచేపల జంటని కనిపెట్టి, గుర్తుగా అక్కడొక ఆల్చిప్ప బోర్లించి వచ్చాడు. మర్నాడు తన అతిథుల్ని తీసుకెళ్ళేసరికి ఆర్సెన్, ఆర్సెన్ అతిథులు, ఇంకో రెండు పడవలవాళ్ళు కలిసి అక్కడ సంత పెట్టారు. ఎవరికీ చెప్పలేదని ఆర్సెన్ అంటాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదని సెల్సో అంటాడు. నీళ్ళలో ఊపిరి పీల్చడం దగ్గర్నుంచి వాడికి నేర్పింది తనే, ఆ కోపం దానికి తోడు.

ఆ వారం సెల్సోకి అప్పగించిన అతిథి సింగపూర్ నుంచి వచ్చిన లిమ్ గారు. పెద్దాయన, మర్యాదస్తుడు, పడవెక్కేటప్పుడు కూడా అందరికీ నమస్కారం పెట్టే మనిషి. ఆయనవి రెండు పాత స్ట్రోబులు, ఒక కొత్త హౌసింగు. మూడూ కలుస్తాయని దుకాణంవాడు చెప్పాడట. కలిశాయి గానీ కాపురం చెయ్యట్లేదు. హౌసింగు లోపల్నుంచి వచ్చే చిన్న ఎర్రటి వెలుగుని చూసి స్ట్రోబు వెలగాలి. ఆయన స్ట్రోబులకి ఆ వెలుగు ఆనట్లేదు. బుధవారం మునిగిన ప్రతిసారీ నల్లటి ఫొటోలే వచ్చాయి. గురువారం తీగలు మార్చాడు, మళ్ళీ నలుపే. భోజనాల బల్ల దగ్గర కూర్చుని దేశదేశాల వాళ్ళని సలహాలడిగాడు. ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పారు. ఆయన ఒక్కొక్కటీ చేసి చూశాడు.

పడవలో ఒంటిమీద తువ్వాలు కప్పుకుని ఆయన అడిగాడు, రేపైనా వెలుగుతుందంటావా కూయా అని. మా దగ్గర గైడుని వయసుతో పని లేకుండా కూయా అంటారు, అన్నయ్య అని. వెలుగుతుంది సార్ అన్నాడు సెల్సో. తన అలమర గుర్తొచ్చి ఆయన మీద జాలి, తన మీద నవ్వు, రెండూ కలిగాయి. డబ్బుంటే ఈ తిప్పలు తప్పుతాయనుకున్నాడు ఇన్నాళ్ళూ.

సాయంత్రం ఇంటికొచ్చి అతనూ అదే పనిలో పడ్డాడు. ఎప్పుడు వెలుగుతుందో తెలీని స్ట్రోబుని ముందు పెట్టుకున్నాడు. హౌసింగుకి నున్నటి కన్నాలు రెండున్నాయి. కెమెరా తన చిన్న మెరుపు కొట్టినప్పుడు ఆ వెలుగు కన్నంలోంచి తెల్లటి తీగ గుండా పోయి స్ట్రోబుని లేపాలి. తెల్లటి తీగ లేదు. చేపలు పట్టే లావుపాటి గేలపు దారం చూశాడు. అదీ తెల్లగానే ఉంది కదా అనిపించింది. దారం కొన కన్నంలో నిలబడటానికి బిరడా కావాలి. గుమ్మం దగ్గరున్న రబ్బరు చెప్పు తీసి, బలిసాంగ్ మడతకత్తి ఝాడించి తెరిచి, మడమ దగ్గర గుండ్రంగా కోశాడు. బిరడా ముచ్చటగా కుదిరింది. మధ్యలో వేడి మేకుతో బెజ్జం పెట్టి దారం దూర్చి ఒత్తాడు. స్ట్రోబు వెలగలేదు. దారంలోంచి వెలుగు దారిలోనే కారిపోయింది.

మిందా పనినుంచి వచ్చి గుమ్మంలో నిలబడి, ఇంట్లో వేసుకునే తన రబ్బరు చెప్పుల్లో ఒకటి తొడుక్కుంది. రెండోది తొడుక్కుంటే మడమ నేలకి తగిలింది. మొగుడి వైపు చూసింది, చెప్పు వైపు చూసింది.

"మింగమెతుకు లేదు గానీ మీసాలకి సంపెంగ నూనె" అంది. "అటు వాడూ అంతే."

గోడ అవతల సంగతి ఆవిడ చెబితేనే తెలిసింది. ఆర్సెన్ హౌసింగు కోసం తంటాలు పడుతున్నాడు. బిస్కట్ల డబ్బాకి రబ్బరు చుట్టి, మూతకి మైనం పూసి, లోపల తన ఫోను పెట్టి తొట్టిలో ముంచాడు. ఇప్పుడా ఫోను బియ్యం బస్తాలో ఉంది. రెండు రోజులు అందులో ఉంటే బాగుపడుతుందని వాడి నమ్మకం. సెల్సోకి నవ్వొచ్చింది. మాటల్లేవు గనక బిగబట్టుకున్నాడు. ఎవరో ఆ ఫోనుకి చేశారు కాబోలు, గోడ అవతల బియ్యంలోంచి సన్నగా ఏదో వినబడి ఆగిపోయింది.

శుక్రవారం మిందా తులింగన్ చేపలు వండింది. మట్టికుండలో అరిటాకు పరిచి, ఎండు పులుపుకాయలు వేసి, పొద్దుటి నుంచీ సన్నటి సెగమీద ఉంచితే ముల్లు కూడా మెత్తబడే వంట అది. దాని వాసనకి గోడలు అడ్డం రావు. ఆవిడ తమ్ముడింటికి వెళ్ళి, బావ నిన్ను భోజనానికి రమ్మన్నాడు, వస్తూ స్ట్రోబు తెమ్మన్నాడు అని చెప్పింది. ఇంటికొచ్చి మొగుడితో, తమ్ముడు స్ట్రోబు నీకిద్దామని వస్తున్నాడు, హౌసింగు బయటికి తియ్యి అని చెప్పింది. ఒకే గోడకి రెండు వైపులా రెండబద్ధాలాడి, ఏమీ ఎరగనట్టు అన్నం వడ్డించింది.

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో చేపలకుండ, ఒక పక్క హౌసింగు, ఒక పక్క స్ట్రోబు. ముందు ఆ రెండు వస్తువులే ఒకదాన్నొకటి చూసుకున్నాయి. కాసేపటికి సెల్సో పెళ్ళాం వైపు తిరిగాడు.

"మీ తమ్ముణ్ణి అడుగు, దాని తీగ ఏదని."

"అక్కా, ఇచ్చినాయన తీగ ఇవ్వలేదని బావకి చెప్పు."

"నేను చెప్పను" అంది మిందా. "ఇద్దరికీ నోళ్ళున్నాయి. చేపముళ్ళు ఉమ్మడానికి మాత్రమే ఇవ్వలేదు దేవుడు."

చేతులు కడుక్కుని చూశారు. తీగ ఉన్నా లాభం లేకపోయేది. స్ట్రోబు మూతిలో అయిదు ముళ్ళ తీగ పట్టే గూడుంది, హౌసింగుకి నున్నటి కన్నాలున్నాయి. పోనీ హౌసింగు మీద నిలబెడదామంటే స్ట్రోబు కడ్డీ కొనకున్న గుండు పెద్దది, హౌసింగు మీది పట్టు చిన్నది. మాటలు మానుకుని అన్ని నెలలు కూర్చుని, తీరా పంతం దిగి వస్తే ఇవి రెండూ కలవలేదు. మిందాకి అది చూసి ఏడుపొచ్చినంత పనయింది. ఆవిడ లెక్కలో ఇది ఫొటో సంగతి కానే కాదు.

ఆర్సెన్ స్ట్రోబుని చేతిలో తిప్పి చూస్తున్నాడు. ముందు వైపు మినపగింజంత గాజు కన్నుంది. ఇంకో దీపం మెరిస్తే ఆ కన్ను చూసి తనూ మెరుస్తుంది. తీగతో పనిలేదు. వాడు దాన్ని కెమెరా పక్కగా పైకెత్తి పట్టుకున్నాడు. సెల్సో వంటగది లైటార్పి మిందా వైపు గురిపెట్టి ఒత్తాడు. తళుక్కుమని గదంతా తెల్లబడింది. ముగ్గురూ తెరలోకి తలలు పెట్టి చూశారు. నలుపు. మళ్ళీ ఒత్తాడు. గది తెల్లబడింది, ఫొటో నల్లగా ఉంది.

అంత వెలుగూ ఎక్కడికి పోతోందో అర్థం కాలేదు. సెల్సో కెమెరా ముందుకి తన ముఖం పెట్టి తనే ఒత్తి చూసుకున్నాడు. కెమెరా అసలు మెరుపుకి ముందు ఒకసారి చిన్నగా కన్ను కొడుతోంది, ఎంత వెలుగు కావాలో చూసుకోవడానికి. స్ట్రోబు తొందరమనిషిలా ఆ కన్నుకొట్టడానికే ఉన్నదంతా ఖర్చు పెట్టేస్తోంది. అసలు వేళకి చేతులు ఖాళీ. ఆర్సెన్ స్ట్రోబు వెనక మరని ఒక్కొక్క మెట్టే తిప్పుకుంటూ పోయాడు. ఒక మెట్టు దగ్గర దానికి ఓపిక వచ్చింది; మొదటి కన్నుకొట్టుకి ఊరుకుంది.

"బావా, మళ్ళీ ఒత్తు" అన్నాడు.

సెల్సో ఒత్తాడు. తెరమీద మిందా పడింది. చేతిలో గరిటె, తెరిచిన నోరు, వెనక కుండ మీద ఆవిరి తీగతీగగా కనబడుతోంది.

"చెయ్యి కొంచెం పైకెత్తు, నీడ పడుతోంది" అన్నాడు సెల్సో.

ఎవరితో మాట్లాడుతున్నారో ఇద్దరికీ ఒకేసారి తెలిసొచ్చింది. ఆర్సెన్ చెయ్యి కొంచెం పైకెత్తాడు. మిందా లైటు వెయ్యకుండానే లోపలికెళ్ళి పెళుసైన అరటికాయ చిప్స్ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది.

అయితే ఇంకో చిక్కొచ్చిపడింది. ఒకరు కెమెరా ఒత్తాలి, ఒకరు వెలుగు పట్టాలి. పోటీ కాగితంలో ఒక్క పేరుకే చోటు. ఆర్సెన్ నవ్వి, ఒత్తినవాడిదే ఫొటో, వెలుగు పట్టినవాడికి పేరుండదు బావా, ఇన్నేళ్ళ నుంచి మనకి తెలీనిదా అన్నాడు. సెల్సో నవ్వలేదు. అతనికి ఆ పేరు ఎంత కావాలో వాడికి తెలుసు. వాడికెంత కావాలో ఇతనికీ తెలుసు, వాడి కొడుకు బళ్ళో అందరికీ మా నాన్న సముద్రం గైడని చెబితే ఫొటో ఏదని అడిగారట. చివరికి సిలిండరు లెక్కన పంచుకున్నారు. గాలి సగానికొచ్చేదాకా సెల్సో ఒత్తుతాడు, ఆ తర్వాత ఆర్సెన్. ఎవరి వంతులో పడితే వాళ్ళ పేరు.

శనివారం లిమ్ గారితో దిగినప్పుడు పాత సిమెంటు జెట్టీ దాటాక ఇసకలో బోర్లాపడిన కొబ్బరిచిప్ప కనబడింది. సెల్సో పుల్లతో దాని అంచు లేపాడు. లోపల తెల్లటి గుడ్లు, ద్రాక్షపళ్ళ గుత్తిలా అంటుకుని ఉన్నాయి. ఆక్టోపస్‌కి చుట్టమైన రంగుల కటిల్‌చేప పెట్టినవి. పండిపోయి గాజులా అయ్యాయి, లోపల బియ్యపుగింజంత పిల్లలు కళ్ళు తిప్పుతున్నాయి. ఈ రోజో రేపో బయటికొచ్చేటట్టున్నాయి. దాచిపెట్టుకోవాలన్న బుద్ధి అతనికి పుట్టకపోలేదు. కానీ అప్పటికే, అతిథిని పిలిచే అలవాటు కొద్దీ, పుల్ల సిలిండరు మీద టింగు టింగుమని కొట్టేసింది. లిమ్ గారు వచ్చి, వెలగని స్ట్రోబుల మధ్యనుంచి తల పెట్టి చాలాసేపు చూశాడు. ఫొటో రాదని ఆయనకీ తెలుసు. పైకొచ్చాక, నా మనవరాలు పుట్టకముందు డాక్టరు తెరమీద ఇలాగే చూపించాడయ్యా అన్నాడు.

ఆ చోటు ఆర్సెన్‌కి చెప్పాల్సి వచ్చినప్పుడు సెల్సో నోరు ఒక్కసారి ఆగింది. ఆర్సెన్ అది గమనించాడు. గమనించనట్టు తన రెక్కచెప్పుల పట్టీ బిగించుకుంటూ కూర్చున్నాడు. జెట్టీ మూడో దిమ్మకి ఎడమన, రెండు టైర్లు దాటాక అని చెప్పాడు సెల్సో. ఆర్సెన్ తలూపాడంతే. ఆ రోజు వాడు ఊళ్ళో ఎక్కడా నోరు విప్పలేదని తర్వాత తెలిసింది. మిందా అయితే వాడికి జ్వరమేమో అనుకుంది.

ఆదివారం తెల్లారుతుండగా ఇద్దరూ ఒడ్డునుంచే నడిచి దిగారు. తొమ్మిదింటికి ఇద్దరికీ అతిథులున్నారు, ఉన్నదంతా ఈ ఒక్క మునకే. అతిథులు లేకుండా ఇద్దరూ కలిసి దిగి ఎన్నేళ్ళయిందో. సెల్సో మెడలో హౌసింగు తగిలించుకున్నాడు. ఆర్సెన్ స్ట్రోబుని కోడిపిల్లలా పొదివి పట్టుకున్నాడు.

కొబ్బరిచిప్ప ఎక్కడిదక్కడే ఉంది. అంచు కింద రాయి పెట్టి ఎత్తారు. ఇసక మీద బోర్లా పడుకుని, రెక్కచెప్పులు కదపకుండా, బుడగలు పక్కకి వదులుతూ ఎదురుచూశారు. మిగతా పనుల్లో ఎలా ఉన్నా ఎదురుచూడటంలో మా గైడ్లని మించినవాళ్ళు లేరు. చాలాసేపటికి ఒక గుడ్డు లోపల పిల్ల గిరగిరా తిరగడం మొదలెట్టింది. గోడకి ముఖం ఆనించి నెట్టింది. పొర చిట్లింది. ముందు రెండు చేతులు, తర్వాత తల, తర్వాత ఒక్క ఉదుటున మొత్తం పిల్ల. వేలికొన మీద పట్టేంత ప్రాణి, పుట్టీపుట్టగానే పసుపూ ఊదా ఎరుపూ రంగులన్నీ ఒంటిమీద పరిగెత్తించింది.

సెల్సో పుల్ల తీసి సిలిండరు మీద టింగు టింగుమని కొట్టాడు. కొట్టి, చటుక్కున పక్కకి జరిగి మంచి చోటు ఖాళీ చేశాడు. పుల్ల కొన పిల్ల పక్కన ఆనించి, రావాల్సినవాళ్ళ కోసం వెనక్కి చూశాడు.

ఆర్సెన్ కూడా స్ట్రోబు దించేశాడు. వాడూ అవతల పక్కకి జరిగి, తన పుల్ల తీసి పిల్లని చూపిస్తూ, వెనక్కి తల తిప్పి చూస్తున్నాడు.

వెనక ఎవరూ లేరు. ఇసక, టైర్లు, ఉదయపు వెలుగు. కెమెరా సెల్సో మెడలో వేలాడుతోంది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు, రెండు పుల్లలూ ఇంకా ఆ బియ్యపుగింజ వైపే చూపిస్తున్నాయి. అది కాసేపు వాళ్ళ మధ్య నిలబడి, ఇక తనకి పనిలేదన్నట్టు ఇసకలో కలిసిపోయింది. ముందు ఆర్సెన్ నవ్వాడు. నీళ్ళ అడుగున నవ్వితే ముఖానికున్న అద్దంలోకి నీళ్ళొస్తాయి. సెల్సో అద్దంలోకీ వచ్చాయి. ఇద్దరూ కళ్ళు మంటెక్కి, అద్దాలు ఖాళీ చేసుకుంటూ, మళ్ళీ మళ్ళీ బుడగలు కక్కుతూ, ఆ కొబ్బరిచిప్పకి చెరోపక్కా పడి నవ్వారు. ఈస్టర్ నుంచి బిగబట్టిందంతా అప్పుడు పోయింది.

తర్వాత బుద్ధిగా కెమెరా పట్టుకుని కూర్చున్నారు. ఇంకా గుడ్లున్నాయి. సెల్సో వేలు మీట మీద ఉంచి కాచుకున్నాడు. ఏ గుడ్డూ కదల్లేదు. గాలి ముల్లు సగానికి దిగింది. అతను దాన్ని చూశాడు. ఆర్సెన్ కూడా చూశాడు, చూసి చెయ్యి ఊపాడు, నువ్వే ఉంచుకో అని. సెల్సో తల అడ్డంగా ఊపాడు. మెడలోంచి హౌసింగు తీసి వాడి మెడలో వేసి, వాడి చేతిలోంచి స్ట్రోబు తీసుకున్నాడు.

అందరూ ఊహించగలిగినట్టే, కాసేపటికి ఇంకో గుడ్డు కదిలింది.

ఈసారి ఎవరూ పుల్లలు తియ్యలేదు. సెల్సో స్ట్రోబుని ముందునుంచి పట్టలేదు. చిప్ప వెనక్కి చెయ్యి పోనిచ్చి, దాని కన్ను కెమెరావైపు ఉండేలా మణికట్టు వంచి, వెలుగు గుడ్డులోంచి ఇవతలికి వచ్చేలా పట్టాడు. మెరుపు కొట్టిన ప్రతిసారీ పొర బంగారంలా వెలిగింది. పిల్ల చేతులు బయటికి పెట్టినప్పుడు అతను వేలెడు కిందికి దించాడు. తల వచ్చినప్పుడు ఇంకొంచెం పక్కకి. ఆర్సెన్ ఒత్తుతూనే ఉన్నాడు. ఫొటో బాగా పడిందని సెల్సోకి తెరచూడకుండానే తెలిసింది. చెయ్యి తెలుసుకుంది.

ఒడ్డుకొచ్చాక ఆర్సెన్ ఇసకలో కూర్చుని తెరని అతని ముందు పెట్టాడు. గాజుగోళంలోంచి సగం బయటికొచ్చి, ఒళ్ళంతా దీపంలా వెలుగుతున్న పిల్ల. అంత మంచి ఫొటో ఆ గోడమీద కూడా లేదు. బాగా పడిందిరా అన్నాడు సెల్సో. నిజంగానే అన్నాడు. అని, సామాను కడిగే తొట్టి దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు. దాచడం దేనికి, ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళూ పరాయివాళ్ళకి చూపించాడు, ఈసారి ఇంటివాడికి పట్టాడు, అంతే తేడా. మాటంటే మాటే, సగం దాటాక పడింది, వాడిదే. తొట్టిలో నీళ్ళు ముఖాన కొట్టుకున్నాడు. కాగితం నువ్వే ఇచ్చెయ్యి, నాకు లిమ్ గారున్నారు అని చెప్పి పడవెక్కాడు.

సాయంత్రం భోజనశాల నిండిపోయింది. ఒక వైపు తెల్లటి గుడ్డ కట్టారు. మిందా గిన్నెలు మోస్తూ తిరుగుతోంది. సెల్సోకి రావాలని లేదు గానీ, రాకపోతే వాడి గెలుపు చూడలేక రాలేదంటారు. లిమ్ గారు పట్టుబట్టి తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. ఆయన వారమంతా తీసినవాటిలో చూపించదగ్గది ఒక్కటీ లేదు, అయినా అందరి ఫొటోలకీ గట్టిగా చప్పట్లు కొట్టాడు.

గైడ్లవి ఆఖర్న వేశారు. కటిల్‌పిల్ల గుడ్డ నిండా వెలిగేసరికి హాలు ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. గెలిచినది ఇదేనని మనీలా నుంచి వచ్చిన అమ్మాయి మైకులో చెప్పింది. చప్పట్లు ఆగాక అలవాటు ప్రకారం కాగితంలో ఉన్నది చదివింది. తీసినవారు ఆర్సెనియో మగ్నాయే. కెమెరా పేరు చదివింది, హౌసింగు పేరు చదివింది, లెన్సు చదివింది.

"స్ట్రోబు..." అని ఆగింది. కాగితం దగ్గరికి పెట్టుకుని చూసింది. "స్ట్రోబు, సెల్సో మరామోత్."

వెనక బల్లల దగ్గరున్న పడవలవాళ్ళూ గైడ్లూ ముందు తెల్లబోయారు, తర్వాత బల్లలు వాయించారు. ఎవరో ఈల వేశారు. ఆర్సెన్ వేదిక పక్కన నిలబడి బావ వైపు చూడకుండా కప్పు మీది దుమ్ము తుడుస్తున్నాడు. సెల్సో అన్నం కలుపుతున్నాడు. కలిపిందే కలుపుతున్నాడు, ముద్ద పైకి రావట్లేదు.

పైదేశాల వాళ్ళకి సంగతి అర్థం కాలేదు. లిమ్ గారు గుడ్డ మీది వెలుగుని తేరిపారా చూసి, ఆశ పుట్టి, గిన్నె పట్టుకుని అటుగా వెళ్తున్న మిందాని ఆపాడు. ఆ స్ట్రోబు పేరు తను ఎక్కడా వినలేదనీ, ఏ దేశంలో చేస్తారనీ, తన హౌసింగుకి పడుతుందా అనీ అడిగాడు.

మిందా గిన్నె బల్లమీద పెట్టింది.

"ఇక్కడిదే సార్. ఏ హౌసింగుకీ అమరదు, చేత్తో పట్టుకోవాల్సిందే" అంది. "రేపు పొద్దున్న మీతోనే దిగుతుంది."

లిమ్ గారు ఆవిడ వైపు చూశాడు. తర్వాత తన పక్కన తల వంచుకుని అన్నం కలుపుతున్న మనిషి వైపు, కుర్చీతో సహా తిరిగి చూశాడు. వారమంతా ఆయన పక్కనే ఈదిన మనిషి.

"కూయా, ఇన్ని రోజులూ అడగనేలేదు" అన్నాడు. "నీ పూర్తి పేరేమిటి?"

సెల్సో చెయ్యి తుడుచుకుని, పేరూ ఇంటిపేరూ రెండూ చెప్పాడు.